ధాత కరువు, గుండ్లకమ్మ రేవు

1878 జులై 3న, ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ముందూ వెనకా రోజులను కలుపుకుంటే ఆ సంఖ్య మూడున్నర వేలు దాటుతుంది. నీళ్లలో దిగి బాప్తిస్మాలు ఇచ్చినవాళ్లు ఆరుగురు తెలుగు బోధకులు. ఒకసారికి ఇద్దరు చొప్పున, అలిసినప్పుడు మారుతూ, పొద్దంతా ఆ పని చేశారు. వచ్చినవాళ్లలో అత్యధికులు మాదిగలు. రెండేళ్ల ధాత కరువు అప్పుడప్పుడే తెరిపిస్తోంది. అమెరికన్ బాప్తిస్టు పత్రికలు దీన్ని మహాద్భుతంగా రాసుకున్నాయి. ఇక్కడ మాత్రం ఒకే మాటతో కొట్టిపారేశారు: కూటికోసం మతం మారారని. నూటనలభై ఏళ్లు దాటినా ఆ మాట చెలామణిలోనే ఉంది. ఆ రెండు తీర్పుల్లోనూ ఒకే లోపం కనిపిస్తుంది. రెండూ ఆ రేవుకు వచ్చిన మనిషిని ఆలోచించగల మనిషిగా చూడవు. ఒకదాని లెక్కలో అతన్ని దైవం కదిలించింది, మరోదాని లెక్కలో కడుపు కదిలించింది. ఆ రెండేళ్లలో జరిగినవాటిని వరసగా పేర్చి చూస్తే మరో సంగతి తేలుతుంది. అప్పటిదాకా తాము నమ్ముకున్నవన్నీ ఒకటొకటిగా విరిగిపోగా, విరగకుండా నిలిచినదేదో చూసుకుని, దాని వెనక ఉన్న దేవుణ్ణి వాళ్లు నమ్మారు. అది పరీక్షించి చూసుకున్న నమ్మకం.

విరిగినవి ఏమిటో ముందు చెప్పాలి. 1876లో రుతుపవనాలు మోసం చేశాయి. ధాత నామ సంవత్సరంలో మొదలైన కరువు కాబట్టి జనం దాన్ని ఆ పేరుతోనే తలుచుకున్నారు. బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాలు తీవ్రంగా దెబ్బతిన్నాయి. ఊళ్లో మాదిగ కుటుంబం బతుకంతా ఒక పాత ఒప్పందం మీద నడిచేది. రైతుకు చెప్పులు కుట్టాలి, కాడికి వార్లు కోయాలి, కపిల బావికి తోలు బొక్కెన కుట్టాలి, జాతరకు డప్పు కొట్టాలి. బదులుగా కళ్లం దగ్గర ధాన్యంలో మేర దక్కేది. పంటే లేనప్పుడు కళ్లం లేదు, కళ్లం లేనప్పుడు మేర లేదు. తరాలుగా నమ్ముకున్న ఆసరా ఒక్క కారులో పోయింది. ఇక మిగిలింది ప్రభుత్వం. మద్రాసు ప్రభుత్వం ముందుచూపుతో 30,000 టన్నుల ధాన్యం కొంటే, వ్యాపారంలో జోక్యం చేసుకోవడం తగదని భారత ప్రభుత్వం మందలించింది. 1877 జనవరి 1న వైస్రాయి లిట్టన్ ఢిల్లీలో దర్బారు జరిపి విక్టోరియాను చక్రవర్తినిగా ప్రకటించాడు. అదే నెలలో, కరువు ఖర్చు తగ్గించడానికి వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ సహాయ పనుల్లో కూలీకి రోజుకు ఒక పౌను, అంటే సుమారు 450 గ్రాముల ధాన్యం, దానిమీద కొద్దిపాటి డబ్బు చాలన్నాడు. మట్టి తవ్వే మనిషికి అది చాలదని మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. తర్వాత కూలి కొంత పెంచారు గానీ అప్పటికి జరగాల్సిన నష్టం జరిగిపోయింది. 1880 నాటి కరువు కమిషన్ లెక్క ప్రకారమే బ్రిటిష్ ప్రాంతాల్లో చనిపోయినవాళ్లు యాభై లక్షలకు పైమాటే.

దేవుడి సంగతి కొస్తే, ఈ జనానికి దేవుడంటే తెలియక తెల్లదొరలు వచ్చి చెప్పారనుకోవడం తప్పు. పోలేరమ్మ, అంకమ్మ జాతరల్లో మాదిగల పాత్ర లేకుండా తంతు నడవదు. అంతకుమించి, ఆ ప్రాంతపు మాదిగవాడల్లో పోతులూరి వీరబ్రహ్మం సంప్రదాయపు గురువులు, రాజయోగం బోధించేవాళ్లు తిరుగుతుండేవాళ్లు. విగ్రహాలతో, కులంతో పనిలేని ఒకే దేవుడి మాట అక్కడ అప్పటికే ఉంది. 1899లో ఎమ్మా రౌషెన్‌బుష్ క్లాఫ్ మాదిగల కథలు సేకరించి వేసిన పుస్తకంలో ఈ గురువుల సంగతులు విస్తారంగా ఉన్నాయి. క్రైస్తవుల చరిత్రకు ఆమె చేసిన పెద్ద మేలు అదేనని నా అభిప్రాయం. తాళ్లకొండపాడుకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్య ఆ దారిలో నడిచినవాడే. చదువు లేదు, తోళ్ల వ్యాపారం మీద దూరదూరాలు తిరిగేవాడు. రాజయోగం సాధన చేసి తోటివాళ్లకు గురువుగా నిలిచినవాడు. ఏలూరు వైపు వెళ్లినప్పుడు అక్కడి మిషనరీ నోట ఏసు కథ విని, తాను వెతుకుతున్నది ఇదేననుకున్నాడు. 1866లో భార్య నాగమ్మతో కలిసి బాప్తిస్మం తీసుకుని, ఇంటికి తిరిగొచ్చి తన వాళ్లకు తానే బోధించాడు. 1867 జనవరి 1న ఎనిమిదిమందితో ఒంగోలు సంఘం మొదలైంది. అదే నెలలో మిషనరీ జాన్ ఎవరెట్ క్లాఫ్ తాళ్లకొండపాడు వెళ్లేసరికి, పేరయ్య మాట విని చుట్టుపక్కల ఊళ్ల జనం కొన్నిరోజులకు సరిపడా తిండి కట్టుకుని చింతతోపులో కాచుకుని ఉన్నారు. అక్కడ 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కరువుకు తొమ్మిదేళ్ల ముందు మాట ఇది. చేతిలో సద్దిమూట పట్టుకొచ్చినవాళ్లను కూటికోసం వచ్చారనడం కుదరదు.

పైగా ఆ కాలంలో చేరితే కలిగేది నష్టమే. క్లాఫ్ వాళ్లను అడిగినవి మూడు: ఆదివారం పని చేయవద్దు, చచ్చిన పశువు మాంసం తినవద్దు, విగ్రహాలకు మొక్కవద్దు. వినడానికి చిన్నవి. మాదిగ మనిషికి మాత్రం ఆ మూడూ ఊరితో తెగతెంపులకు దారితీసేవే. జాతరకు డప్పు కొట్టనంటే రైతులు ఒప్పుకోరు. కోతల కాలంలో ఆదివారం పొలానికి రానంటే కళ్లెర్ర చేస్తారు. ఊరి నీళ్లు బంద్, పని బంద్, మేర బంద్, కొన్నిచోట్ల దొంగకేసులు, దెబ్బలు కూడా. అయినా 1876 నాటికి సంఘంలో మూడువేలకు పైచిలుకు మంది ఉన్నారు. ఈ సంఖ్య మీద కొంచెం ఆగాలి, ఎందుకంటే వెల్లంపల్లి గురించి మాట్లాడేవాళ్లు చాలామంది దీన్ని దాటేస్తారు. కరువుకు ముందే ఆ తాలూకాల్లోని మాదిగ పల్లెల్లో బంధువో, వియ్యంకుడో, పొరుగువాడో ఒకరు చేరి ఉన్నారు. చేరినవాడికి ఊరు ఏం చేసిందో మిగతావాళ్లు కళ్లారా చూశారు. చేరినవాడు వెనక్కి రాలేదన్నదీ చూశారు. కరువులో నమ్మకం కొత్తగా పుట్టలేదు. పదేళ్లుగా పక్కింట్లో ఉన్నదాన్ని చూస్తూ, తూకం వేస్తూ ఉన్నవాళ్లు ఒక నిర్ణయానికి వచ్చారు.

ఆ తూకంలో ముల్లును ఒకవైపు మొగ్గించింది బకింగ్‌హాం కాలువ. మద్రాసు నుంచి తీరం వెంబడి ఉత్తరానికి పడవలు నడిచే కాలువలోని ఖాళీ భాగాలను కరువు పనిగా తవ్వించాలని ప్రభుత్వం నిర్ణయించింది; అప్పటి గవర్నరు పేరే దానికి నిలిచింది. క్లాఫ్ మతబోధకు రాకముందు కుర్రతనంలో మిన్నెసోటాలో భూముల సర్వే చేసినవాడు. గొలుసు, మట్టం, మట్టి లెక్క తెలిసినవాడు. 1877లో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకుని, వేలమందిని దించాడు. మిగతా పనిచోట్ల మాదిగ కూలీ పరిస్థితి వేరు: మేస్త్రీ తిట్లు, కూలిలో కోత, అంటరాని మనిషిని పనిలోకి తీసుకోవడానికే విముఖత. క్లాఫ్ తన పనిచోట పర్యవేక్షకులుగా తన బోధకులనే పెట్టాడు. వాళ్లు మాదిగలే, కూలీలకు అయినవాళ్లే. తవ్విన మట్టికి రావలసిన కూలి పూర్తిగా చేతికందేది. పొద్దున పలుగూ పారా పట్టినవాళ్లు విరామంలో గట్టు మీద కూర్చుంటే, బోధకుడు వాళ్ల పక్కనే కూర్చుని, భారం మోసేవాళ్లను దేవుడు తన దగ్గరికి పిలుస్తాడనే మాట చెప్పేవాడు. అలాంటి మాటను గుడి గోపురం కింద విన్నా, ఎవరో పెద్దమనిషి నోట విన్నా ఒకలా ఉంటుంది. కూలి కోయకుండా లెక్క అప్పజెప్పిన మనిషి నోట వింటే అది సాక్ష్యమవుతుంది. కరువులో మిగతా వ్యవస్థలన్నీ అబద్ధమాడిన చోట, ఈ ఒక్కచోట చెప్పిన మాటకూ చేతిలో పడ్డ కూలికీ పొంతన కుదిరింది.

ఇక్కడే ఆక్షేపణ బలంగా లేస్తుంది. పని ఇచ్చి, కూలి ఇచ్చి, తర్వాత లండన్ మాన్షన్ హౌస్ కరువు నిధి నుంచి వచ్చిన సాయాన్నీ పంచినవాడి మతంలో చేరడం నమ్మకమా, బేరమా? ఈ అనుమానం క్లాఫ్‌కూ ఉంది, అతనే అందరికన్నా ముందు అనుమానపడ్డాడు. అందుకే 1877 మార్చి నుంచి 1878 జూన్ దాకా, సుమారు పదిహేను నెలలు, ఒక్క బాప్తిస్మం కూడా ఇవ్వలేదు. జనం అడుగుతున్నా ఇవ్వలేదు. కూటి మతం అనే వాదన నిజమైతే జరగాల్సింది దీనికి తలకిందులు: సాయం అందుతున్నప్పుడు ఎగబడి చేరాలి, సాయం ఆగాక చెదిరిపోవాలి. జరిగింది మరొకటి. 1878 నడుమకు సాయం ఆగిపోయింది, ఇక ఇవ్వడానికి ఏమీ లేదని వచ్చినవాళ్లకు చెప్పి తిప్పి పంపబోయారు. వాళ్లు తిరిగిపోలేదు. క్లాఫ్ రాసిపెట్టిన ప్రకారం, తమకు డబ్బు అక్కర్లేదనీ, కష్టపడి పనిచేసినట్టు అరచేతుల బొబ్బలే చెబుతాయనీ, రాబోయే పంట కూడా పోతే చావక తప్పదనీ, చస్తే క్రైస్తవులుగా చస్తామనీ అన్నారు. బేరమాడే మనిషి మాట ఇలా ఉండదు. అందులో బతికిస్తేనే నమ్ముతామనే షరతు లేదు. పంట పోవచ్చని వాళ్లు ముందే ఒప్పుకుంటున్నారు. బోధకులు ఊరూరి జాబితాలు పెట్టుకుని, తెలిసినవాళ్లను తెలియనివాళ్ల నుంచి వేరు చేసి, ప్రశ్నించి, కొందర్ని ఆపి, జూన్ 16 నుంచి బాప్తిస్మాలు మొదలుపెట్టారు. ఆ ఏడాది చివరికి 9,606 మంది చేరారు. సంఘం పన్నెండు వేలు దాటింది.

ఈ వివరాలన్నీ మిషనరీల కాగితాల నుంచి వచ్చినవే కదా అని చదువరి అడగవచ్చు. అడగాలి కూడా. అమెరికాలో చందాలిచ్చేవాళ్లకు విజయగాథలు కావాలి; 1836 నుంచి పనిచేస్తున్నా ఏళ్ల తరబడి ఫలితం కనిపించక, ఒకటికి రెండుసార్లు మూసేయాలనుకున్న మిషన్ ఇది. 1854 జనవరి 1న ఒంగోలు కొండ మీద మిషనరీ జ్యూయెట్ దంపతులూ, ముగ్గురు తెలుగు క్రైస్తవులూ కలిసి చేసిన ప్రార్థన కథ ఆ ఆకలితోనే ఇంత ప్రచారం పొందింది. కాబట్టి కన్నీళ్లు పెట్టించే సంభాషణలను కొంత తగ్గించి చదవడం మంచిదే. అయితే పదిహేను నెలల నిలుపుదలను మెరుగులు దిద్దిన మాటగా తీసిపారేయలేం. సంవత్సరం వారీగా సంఖ్యలు పంపి తీరాల్సిన మిషన్‌కు ఆ నిలుపుదల ఇబ్బందికరం. లాభం కోసం కల్పించే కథ అయితే, చేతికందివచ్చిన కాలంలో ఖాళీ లెక్క చూపించదు. ఆ తర్వాతి లెక్క కూడా ఉంది. చేరినవాళ్లలో కొందరు జారిపోయారు, అది సహజం. కానీ సంఘం మొత్తంగా చెదరలేదు. 1880ల తొలినాళ్లలో ఇరవై వేలు దాటింది. గంజి తొట్లు ఎత్తేసిన చాలాకాలానికి ఉన్న సంఖ్య అది.

కూటి మతం అనే నిందలో నన్ను ఎక్కువ బాధించేది వేరే ఉంది. తెలుగునాట దేవుడితో మనిషి సంబంధమే మొక్కు చుట్టూ అల్లుకున్నది. బిడ్డకు జ్వరం తగ్గితే తలనీలాలు ఇస్తాం, కోర్టు వ్యవహారం గెలిస్తే నిలువుదోపిడీ ఇస్తాం, అమ్మవారు పోస్తే పొంగలి పెడతాం. ఇదే నెల్లూరు సీమలోని ఉదయగిరిని గెలుచుకుని వస్తూ 1514లో కృష్ణదేవరాయలు తిరుమలలో 30,000 బంగారు నాణేలతో కనకాభిషేకం చేయించాడు. గెలుపు ఇచ్చిన దేవుణ్ణి గట్టిగా పట్టుకోవడాన్ని ఎవరూ తప్పుబట్టరు. తప్పుబట్టకూడదు కూడా, అది భక్తిలో భాగమే. కష్టంలో ఆదుకున్నవాణ్ణి నమ్మడం రాజు చేస్తే భక్తి అయినప్పుడు, మాదిగ కూలీ చేస్తే కక్కుర్తి ఎలా అవుతుంది? పేదవాడి విశ్వాసానికి మాత్రం ఆకలి అంటకూడదనే నియమం ఎవరు పెట్టారు? ఆ నిందలో విశ్వాసం గురించిన పట్టింపు కన్నా, తమ పొలంలో వెట్టి చేయాల్సిన మనిషి చేయి దాటిపోయాడన్న కోపం ఎక్కువగా వినిపిస్తుంది.

సూటిగా ఎదుర్కోవాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది. వాళ్లను ఆదుకున్నది క్లాఫ్ కాంట్రాక్టు, దేవుడెక్కడ? నమ్ముకున్నవాళ్లు కూడా చచ్చారు కదా? నిజమే, కరువూ దాని వెంట వచ్చిన కలరా క్రైస్తవుల్ని వేరుచేసి వదిలిపెట్టలేదు. సంఘస్థులు పోయారు, బోధకులు పోయారు. పోలేరమ్మకు మొక్కినవాళ్లూ, మసీదుల్లో వానకోసం నమాజు చేసినవాళ్లూ అంతే నిజాయితీగా మొక్కారు, అంతే దారుణంగా పోయారు. ఒక దేవుడు గెలిచాడు, మరొకరు ఓడారన్న లెక్కకు ఈ చరిత్రలో ఆధారం లేదు. వెల్లంపల్లికి వచ్చినవాళ్లు కూడా అలాంటి లెక్క చెప్పలేదు. వచ్చే పంట పోవచ్చని వాళ్లే అన్నారు. వాళ్లకు దేవుడి సాయమంటే ఆకాశం నుంచి పడేది కాదు. తమలాంటి మనిషి గట్టు మీద నిలబడి పూర్తి కూలి లెక్కగట్టి ఇవ్వడం, చచ్చినవాణ్ణి పేరుపెట్టి పాతిపెట్టడం, ఎవరు మిగిలారో ఊరూరూ తిరిగి చూడటం, అదే వాళ్లకు కనిపించిన సాయం. ఆ పని చేస్తున్నవాళ్లు తమ బలం దేవుడి దగ్గరనుంచి వస్తోందని చెప్పారు. ఆ మాట నమ్మడానికి వీళ్లకు కారణముంది. దైవాన్ని నమ్మితే ఏలికలు తప్పించుకుంటారని కూడా కొందరంటారు. ఇక్కడ తప్పించుకున్నవాళ్లు ప్రార్థన చేసినవాళ్ల వల్ల తప్పించుకోలేదు. ధాన్యం దానంతట అదే ఆకలి ఉన్నచోటికి చేరుతుందని కలకత్తాలో కూర్చుని మార్కెట్టును నమ్మినవాళ్ల విశ్వాసమే ఆ రెండేళ్లలో ఎక్కువమందిని చంపింది.

ఆ తర్వాతి సంగతులు తక్కువగా రాయబడ్డాయి, నిజానికి ఎక్కువ రాయవలసింది అవే. పంటలు తిరిగి పండాక రైతులకు మళ్లీ డప్పు కావాలి, ఆదివారం కూలీ కావాలి. వెల్లంపల్లి నుంచి ఇళ్లకు పోయినవాళ్లు పాత గొడవల్లోకే పోయారు, ఈసారి ఎక్కువమందిగా. ఒక ఊళ్లో ఒక్క ఇల్లు కాకుండా వాడంతా చేరినప్పుడు ఊరు వాళ్లను వెలివేయడం కష్టమైంది. రామపట్నంలోని సెమినరీలో మాదిగ కుర్రాళ్లు చదివి, మాదిగ పల్లెల్లో పాకబడులు పెట్టారు. ఆ బడుల్లో అక్షరాలు దిద్దినవాళ్ల మనవలు టీచర్లు, నర్సులు, గుమస్తాలు అయ్యారు. క్లాఫ్ పేర ఆస్పత్రి వెలిసింది, జ్యూయెట్ పేర చర్చి వెలిసింది. జులై 3న నీళ్లలో నిలబడి బాప్తిస్మాలు ఇచ్చిన ఆ ఆరుగురు తెలుగు బోధకుల పేర్లు మాత్రం ఒంగోలులో అడిగితే చెప్పేవాళ్లు అరుదు. కాలువ గట్టున కూలి లెక్కలు రాసినవాళ్లూ, కలరా ఊళ్లలో జాబితాలు పట్టుకు తిరిగినవాళ్లూ వాళ్లలాంటివాళ్లే. ధాత కరువులో నమ్మకం ఎలా నిలబడిందో ఎవరైనా నిజంగా తెలుసుకోవాలనుకుంటే దొరల జ్ఞాపకాలను పక్కన పెట్టి, ముందు ఆ బోధకుల జీవితాలను వెతకాలి.